క్లచ్ పెడల్ కిందే ఉండిపోతుంటే: నా కారులో ఇలా తగ్గింది

ఇంజన్ ఆపి ఉంటే గేర్లు సాఫీగా పడేవి. స్టార్ట్ చేశాక ఫస్టూ రివర్సూ మొరాయించేవి. పెడల్ తొక్కితే కిందే ఉండిపోయేది. గేరాయిల్ మార్చినా, క్లచ్ ఆయిల్ నింపినా దండగే అయింది.

చివరికి గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) రబ్బరు బూటు, అంటే తొడుగు, వెనక్కి లాగి చూస్తే లోపలంతా ఆయిల్ తడి; లీకవుతోందన్నమాట. సిలిండర్ కొత్తది వేసి, బండిలోని క్లచ్ ఆయిల్ డబ్బా మూత మీద రాసిన డాట్ 4 రకం ఆయిలే పోశాం. అసలు పని ఆయిల్ గొట్టంలో చేరిన గాలి తీయడమే. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి; ఇంకొకరు స్లేవ్ సిలిండర్ మీదున్న నిపుల్ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలతో ఆయిల్ రాగానే బిగించాలి; ఆ తర్వాతే కాలు తీయాలి. వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ, బుడగలు ఆగేదాకా చేశాం.

ఆయిల్ బదులు తీగతో పనిచేసే కేబుల్ క్లచ్ బళ్లకి ఇది వర్తించదు. బూటు పొడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ వైపు నుంచి ఆయిల్‌ని నెట్టేది) కూడా మెకానిక్‌కి చూపించండి. సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉండే మోడళ్లయితే మెకానిక్ గేర్‌బాక్స్‌ని దించాల్సిందే.