ఆరో తరగతికి ఇంగ్లీషు: చదివించి, రాయించడం ఎలా?

మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో మొదటి సంవత్సరం అంటే ఆరో తరగతి. చుట్టుపక్కల ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి జూన్‌లో వచ్చి చేరే పిల్లల్లో చాలామందికి అక్షరాలు వచ్చు, గైడులోని జవాబును చూడకుండా రాయడం కూడా వచ్చు. తమ ఇంటి గురించి నాలుగు సొంత వాక్యాలు రాయమంటే మాత్రం పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు. ఏళ్ల తరబడి ఈ తరగతికి ఇంగ్లీషు చెబుతూ, ఏటా అవే పొరపాట్లు చూసి విసుగు పుట్టిన మీదట, నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కొక్కరికి రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, తరగతి మొత్తానికి నాలుగైదు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు, ఒక పెట్టెడు చిన్న కథల పుస్తకాలు ఉంటే సరిపోతుంది. పుస్తకాలు లేవనే సాకు చెల్లదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవచ్చు. దసరా సెలవుల దాకా పెన్ను పట్టనివ్వకూడదు. గైడు గదిలోకి రాకూడదు. నోటుపుస్తకంలో కుడి పేజీలోనే రాయించాలి. ఎడమ పేజీ ఎందుకు ఖాళీగా ఉంచాలో దిద్దే దగ్గర చెబుతాను.

పుస్తకం ఎంపికకు ఐదు వేళ్ల లెక్క చాలు. పిల్లవాడు ఒక పేజీ చదువుతూ తెలియని పదానికొక వేలు ముడుస్తాడు. పేజీ పూర్తయ్యేలోగా ఐదు వేళ్లూ ముడుచుకుంటే అంతకంటే తేలిక పుస్తకం ఇవ్వాలి. ఆరో తరగతి వాడికి మొదటి స్థాయి కథ ఇవ్వడం నామోషీ అనుకునే తల్లిదండ్రులకు నచ్చజెప్పే బాధ్యత ఉపాధ్యాయుడిదే.

రోజూ పీరియడు మొదట్లో పది నిమిషాలు చదువు. ముందు మీరు పైకి చదవండి, పిల్లలు వేలితో వరస వెంట రావాలి. తరువాత ఎవరికి వారు మౌనంగా చదువుకోవాలి. వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పడం మానేయండి. గణితం, సైన్సు పుస్తకాలు ఇప్పుడు పక్కపక్క పేజీల్లో రెండు భాషల్లో వస్తున్నాయి కాబట్టి పిల్లల చూపు ఎలాగూ తెలుగు పేజీ మీదికే పోతుంది. ఇంగ్లీషు పీరియడులో కూడా అర్థం తెలుగులో వినిపిస్తుందని తెలిస్తే, ఇంగ్లీషు వాక్యం వైపు కన్నెత్తి చూడవలసిన అవసరం వారికి ఉండదు.

ఆ రోజు చదివిన కథలోంచి ఒకే ఒక వాక్యం నల్లబల్ల మీద రాసి, దాన్ని తమ ఇంటికి మార్చుకొమ్మని చెప్పండి. 'ది ఓల్డ్ మ్యాన్ హ్యాజ్ ఎ గోట్' అని కథలో ఉంటే, ఒకరు 'మై గ్రాండ్‌మదర్ హ్యాజ్ టూ హెన్స్' అని రాస్తారు. నాయనమ్మకు కోళ్లు 'ఉన్నాయి' అనే తెలుగు నుడికారంలో 'హ్యాజ్'కు సమానమైన క్రియ లేదు. అది వ్యాకరణ సూత్రంగా చెబితే ఎక్కదు, కోళ్ల ద్వారా చెబితే ఎక్కుతుంది. వారం తిరిగేసరికి ఆ ఒక్క వాక్యానికి మరో మూడు నాలుగు సొంత వాక్యాలు చేర్చమనండి. 'మై విలేజ్' అనే వ్యాసాన్ని మీరే నల్లబల్ల మీద రాసి ఎక్కించారంటే, నలభై నోటుపుస్తకాల్లో ఒకే ఊరు కనిపిస్తుంది. అది చేతిరాత అభ్యాసమే తప్ప ఇంగ్లీషు కాదు.

ఇంతవరకు ఎవరైనా చేయగలరు. పని చెడేదంతా దిద్దే దగ్గరే చెడుతుంది, కాబట్టి ఇక్కడ నిదానించండి.

ఈ పిల్లల తప్పుల్లో ఎక్కువ భాగం అజ్ఞానం వల్ల వచ్చేవి కావు, తెలుగు బాగా రావడం వల్ల వచ్చేవి. 'మా నాన్న రైతు' అనే వాక్యం క్రియ లేకుండానే నిండుగా ఉంటుంది కాబట్టి 'మై ఫాదర్ ఫార్మర్' అని రాస్తారు. 'వస్తాడు' అన్న మాట రేపటికీ, రోజూ జరిగేదానికీ సరిపోతుంది కాబట్టి 'కమ్స్', 'విల్ కమ్' కలగాపులగం అవుతాయి. ఒకసారి ఒక అమ్మాయి తన చిన్న చెల్లెలి గురించి 'ఇట్ ఈజ్ క్రయింగ్ ఫర్ ఐస్‌క్రీమ్' అని రాసింది. 'అది ఏడుస్తోంది' అనే మాట చెల్లికీ, దూడకూ ఒక్కటే కదా! నేను ఆ వాక్యాన్ని పైకి చదివాను, తరగతి అంతా నవ్వింది; ఆ తరువాత రెండు నెలలపాటు ఆ అమ్మాయి మూడు పదాలకు మించిన వాక్యం రాయలేదు. ఎవరి తప్పునూ పేరు పెట్టి పైకి చదవకూడదన్న నియమం నాకు ఆ రోజు నుంచి వచ్చింది.

రెండవ నియమం: పక్షానికి ఒకే రకం తప్పును దిద్దాలి. మొదట 'ఈజ్', 'ఆర్'. అవి కుదిరాక 'హ్యాజ్', 'హ్యావ్'. తరువాత 'హి', 'షి', 'ఇట్'. ఆపైన క్రియ చివర చేరే 'ఎస్'. 'ఎ', 'ది' లాంటివి తెలుగులో లేనే లేవు కాబట్టి వాటిని ఈ ఏడాదికి వదిలేసినా నష్టం లేదు. వాటితోనే మొదలుపెట్టే ఉపాధ్యాయులను చూస్తే నాకు జాలి వేస్తుంది. మిగిలిన తప్పులు కళ్లెదుట ఎన్ని కనిపించినా చేతిని ఆపుకోవాలి, స్పెల్లింగుతో సహా. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే అసలు సాధ్యం కాదు, అందుకే నేను పెన్సిలుతోనే దిద్దుతాను.

మూడవది, ఒప్పు రాసి ఇవ్వకండి. తప్పున్న వరసకు ఎదురుగా అంచున ఒక చుక్క మాత్రం పెట్టండి. ఆ వరసలో లోపం ఏమిటో పిల్లలే వెతికి, వాక్యం మొత్తాన్ని ఎడమ పేజీలో మళ్లీ రాయాలి. వెతకలేకపోతే, ఆ వాక్యానికి మూలమైన కథా వాక్యం దగ్గరికి పంపండి, సూత్రం చెప్పకండి. పేజీ చివర మార్కులకు బదులు, రాసిన విషయానికి ఒక వాక్యం జవాబు ఇవ్వండి: కోళ్లు గుడ్లు పెడుతున్నాయా అని అడగండి. చాలామంది దానికి మరునాడు జవాబు రాసుకొస్తారు, అడగకుండానే.

రోజుకు పది పుస్తకాల చొప్పున తీసుకుంటే నలభై మందివి నాలుగు రోజుల్లో పూర్తవుతాయి. తనిఖీకి వచ్చిన అధికారి ఎర్ర టిక్కులు లేవేమని అడిగితే, ప్రతి పేజీలో తేదీ, పొడి సంతకం చూపించి, ఎడమ పేజీలు తిరగేయమని చెప్పండి. నెలాఖరున పిల్లలు ఎడమ పేజీలోని వాక్యాలను తెల్ల కాగితాల మీదికి ఎక్కించుకున్నాక, వాటిని దారంతో కుట్టి కథల పెట్టెలోనే వేయండి. మరుసటి నెల చదువుకు అవి కూడా పనికొస్తాయి.