ఆటోఇమ్యూన్ ఉన్నవాళ్ళకి పీరియడ్స్ నొప్పి: కాపడం పెట్టినా తగ్గట్లేదంటే ఏం చూడాలి

లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, షోగ్రెన్స్ (కళ్ళు, నోరు పొడిబారే జబ్బు), క్రోన్స్ (పేగుల్లో వాపు), ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల జబ్బు) ఇలా ఒంటి ఇమ్యూనిటీయే ఒంటి మీదకి తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు ఏదో ఒకటి ఉండి పీరియడ్స్ నొప్పికి మామూలు పెయిన్ కిల్లర్ వేసుకోలేని వాళ్ళ కోసం రాస్తున్నా. ఎందుకు వద్దంటారో తెలిసే ఉంటుంది, లూపస్ కిడ్నీల దాకా వెళ్తే ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, రక్తం పల్చబడే మందు వాడుతుంటే బ్లీడింగ్ ఎక్కువవుతుంది, స్టెరాయిడ్స్‌తో కలిస్తే కడుపులో అల్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నేను పెల్విక్ ఫిజియోథెరపీ చేస్తాను. కాపడం, నడక, యోగా ఇవన్నీ మీరు ఇప్పటికే ట్రై చేశారనే అనుకుంటున్నా.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది, దాదాపు ఎవరూ చూడరు. నొప్పి ఏ రోజు మొదలైంది, బ్లీడింగ్ ఏ రోజు మొదలైంది, ఏది ముందు ఆగింది, నొప్పి సరిగ్గా ఎక్కడ. రెండు నెలలు రాయండి చాలు. యాప్‌లో డేట్ ఒక్కటే ఉంటే సరిపోదు. ఇది లేకుండా ఏం చేసినా గుడ్డిగా చేస్తున్నట్టే, ప్లీజ్ దీన్ని స్కిప్ చెయ్యకండి.

నొప్పి బ్లీడింగ్‌తోనే మొదలై రెండు మూడు రోజుల్లో పోతోంది, కాపడం మాత్రం సరిగా పనిచెయ్యట్లేదు

ఇది మామూలు పీరియడ్స్ నొప్పే. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్స్ అనే రసాయనాలు విడుదలవుతాయి, వాటివల్ల గర్భసంచి గట్టిగా బిగుసుకుంటుంది, దానికి రక్తం అందడం తగ్గుతుంది, అదే నొప్పి. కాపడం పనిచెయ్యలేదంటే చాలాసార్లు లేటుగా మొదలుపెట్టి పావుగంటలో తీసేశారని అర్థం. 2001లో వచ్చిన ఒక ట్రయల్‌లో దాదాపు 39 డిగ్రీల హీట్ ప్యాచ్ ఐబుప్రోఫెన్‌తో సమానంగా పనిచేసింది, కానీ అది రోజుకి 12 గంటలు పెట్టుకున్నది. అంటే మంట పుట్టే వేడి కాదు, గోరువెచ్చగా గంటల తరబడి ఉండాలి, మొదటి మెలి తిప్పగానే పెట్టెయ్యాలి.

మీ విషయంలో జాగ్రత్తలు వేరు. ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడితే చర్మం పల్చబడుతుంది, అతికించే ప్యాచ్ తీసేటప్పుడు చర్మం ఊడొస్తుంది, కాబట్టి బట్ట మీద పెట్టుకునే రకమే మేలు. తిమ్మిరి ఉన్న చోట వేడి పెట్టకండి, కాలేదాకా తెలియదు. ఎమ్మెస్ ఉన్నవాళ్ళకి ఒళ్ళు వేడెక్కితే చూపు మసకబారడం, కాళ్ళు బరువెక్కడం లాంటివి కాసేపు పెరుగుతాయి, చల్లబడగానే తగ్గుతాయి, అందుకే వేడినీళ్ళ టబ్ వద్దు, పొత్తికడుపు మీద చిన్న ప్యాడ్ చాలు, గదిలో ఫ్యాన్ ఉండాలి.

వేడి పడని వాళ్ళకి టెన్స్ మిషన్ ఉంది, చర్మం మీద అతికించే ప్యాడ్స్ ద్వారా కొద్దిగా కరెంట్ పంపి నొప్పి తగ్గించేది. 80 నుంచి 100 హెర్ట్జ్, చురుకు గట్టిగా తెలియాలి కానీ నొప్పి పుట్టకూడదు, ప్యాడ్స్ పొత్తికడుపు మీద గానీ నడుం కింద గానీ. పేస్‌మేకర్ ఉన్నా, ప్రెగ్నెన్సీ డౌట్ ఉన్నా, ర్యాష్ మీదా వద్దు. వ్యాయామం ఈ నెల నొప్పికి కాదు, వచ్చే నెలలకి, వారానికి మూడుసార్లు 45 నిమిషాలు ఉంటే మంచిది, ఒంట్లో శక్తి లేని రోజు ముక్కలు చేసుకోండి.

పీరియడ్ ముందు కీళ్ళు, ఒళ్ళంతా నొప్పి, నీరసం

ఇది చాలాసార్లు గర్భసంచి కాదు, మీ జబ్బే ఆ వారంలో ఎక్కువవుతూ ఉండొచ్చు. వాచి వేడిగా ఉన్న కీలు మీద కాపడం వద్దు, చల్లటిది పెట్టండి (చల్లదనానికి వేళ్ళు తెల్లబడే రేనాడ్స్ ఉంటే వేళ్ళ మీద అదీ వద్దు). మీరు రాసుకున్నది రుమటాలజిస్ట్‌కి చూపించండి, ప్రతి నెలా అదే వారంలో వస్తోందంటే వాళ్ళకి అది పనికొచ్చే సమాచారం.

బ్లీడింగ్ తగ్గినా నొప్పి తగ్గట్లేదు, కాపడానికి లొంగట్లేదు, స్కానింగ్ నార్మల్

అసలు దొంగ ఇక్కడుంటుంది. పెల్విక్ ఫ్లోర్ బిగుసుకుపోవడం. మూత్రాశయం, గర్భసంచి, మలద్వారం వీటిని కింద నుంచి మోసే కండరాల పొర అది. ఆటోఇమ్యూన్ ఉన్నవాళ్ళలో దీనికి కారణాలు కావలసినన్ని ఉంటాయి. షోగ్రెన్స్‌లో యోని పొడిబారి కలయిక నొప్పిగా ఉంటుంది, ఒళ్ళు ముందే బిగబట్టడం నేర్చుకుంటుంది. క్రోన్స్, కొలైటిస్ ఉన్నవాళ్ళు మోషన్ ఎప్పుడు తన్నుకొస్తుందో అని రోజంతా కింద బిగించుకునే ఉంటారు. తుంటి కీలు పాడైతే దాన్ని పట్టుకునే లోపలి కండరం పెల్విక్ ఫ్లోర్‌కి ఆనుకునే ఉంటుంది, అదీ బిగుస్తుంది. ఇంక ఏళ్ళ తరబడి కడుపునొప్పి పడ్డవాళ్ళైతే పొట్ట లోపలికి లాక్కుని కూర్చోవడం అలవాటైపోయి ఉంటుంది, వాళ్ళకే తెలియదు. నెలసరి నొప్పి వచ్చినప్పుడు ఇంకాస్త బిగిస్తారు, గర్భసంచి నొప్పి పోతుంది, ఈ బిగువు మిగిలిపోతుంది, వచ్చే నెల దాని మీద మళ్ళీ ఇంకో నొప్పి. అందరూ పొట్ట మీద కాపడం పెడుతూనే ఉంటారు, నొప్పి ఉన్నది అక్కడ కాదు.

గుర్తులు: తోకెముక దగ్గర, తొడల లోపలివైపు లాగడం, ఎక్కువసేపు కూర్చుంటే పెరగడం, యూరిన్ మొదలవడానికి టైమ్ పట్టడం, మోషన్ పూర్తిగా కాలేదనిపించడం, ట్యాంపన్ లేదా కప్ పెట్టుకుంటే నొప్పి. వీటిలో రెండు మూడు ఉంటే ఇలా చూడండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, యోనికి మలద్వారానికి మధ్య బట్టల మీదుగా వేళ్ళు ఆనించి నిదానంగా పొట్ట నిండా గాలి పీల్చండి, వేళ్ళ కింద కొద్దిగా కిందికి దిగినట్టు తెలియాలి. తర్వాత గ్యాస్ ఆపుకున్నట్టు బిగించి వదలండి, వదిలినప్పుడు స్పష్టంగా దిగాలి. ఏమీ కదలట్లేదంటే అది వదులవడం మర్చిపోయిన కండరం కావచ్చు. ఖాయం చెయ్యాల్సింది మాత్రం పెల్విక్ ఫిజియోనే.

ఇక్కడ ఎవరో ఒకరు కీగెల్స్ (పెల్విక్ ఫ్లోర్‌ని బిగించి వదిలే వ్యాయామం) చెయ్యమంటారు. చెయ్యకండి. ఇప్పటికే బిగుసుకున్నదాన్ని ఇంకా బిగించడం అది, దానివల్ల నొప్పి పెరిగి వచ్చినవాళ్ళని చూస్తూనే ఉన్నా, చాలా బాధేస్తుంది. చెయ్యాల్సింది వదలడం. రోజుకి రెండుసార్లు ఐదైదు నిమిషాలు ఆ పొట్ట శ్వాస, కాళ్ళు కుర్చీ మీద పెట్టి పడుకుని. మోకాళ్ళు, మణికట్లు సహకరిస్తే బాలాసనం, లేకపోతే పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు. కాపడం పొట్ట మీద నుంచి నడుం కిందికి, తొడల లోపలికి మార్చండి. వెస్ట్రన్ టాయిలెట్‌లో పాదాల కింద చిన్న పీట, సీటు మీద గాల్లో వేలాడుతూ కూర్చోవడం మానెయ్యాలి, యూరిన్ ముక్కి పొయ్యకూడదు. పొట్ట లోపలికి లాక్కున్నారేమో గుర్తొచ్చినప్పుడల్లా వదలండి, పళ్ళు బిగించారేమో కూడా చూసుకోండి, రెండూ కలిసే బిగుస్తాయి. వారంలో తేడా కనపడదు, రెండు మూడు నెలలు పడుతుంది, మొదట తగ్గేది పీరియడ్ అయిపోయాక మిగిలే నొప్పి. ఫిజియో లోపల చేత్తో ట్రీట్ చేస్తానంటే పొడిబారే సమస్య ముందే చెప్పండి, క్రోన్స్‌లో ఫిస్టులా (మలద్వారం దగ్గర పడే అసహజమైన దారి), ఫిషర్ (చీలిక) ఉంటే డాక్టర్ ఓకే అనేదాకా లోపలి ట్రీట్‌మెంట్ వద్దు.

ఇంట్లో తేలనివి

నొప్పి ఏడాదికేడాది పెరుగుతూ, బ్లీడింగ్‌కి రోజుల ముందే మొదలై, పీరియడ్‌లో మోషన్‌కి వెళ్తే కూడా నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) గురించి అడగండి, మామూలు స్కాన్ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన అది లేనట్టు కాదు, పెల్విక్ ఫ్లోర్ బిగువు దానితో కలిసి కూడా ఉంటుంది. బ్లీడింగ్ కొత్తగా ఎక్కువైతే థైరాయిడ్, ప్లేట్‌లెట్స్, ఐరన్ చూపించుకోండి. ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో గడ్డలు), అండాశయంలో సిస్టులు లాంటివి చాలావరకు స్కాన్‌లోనే తేలిపోతాయి. "ఇమ్యూనిటీ పెంచే" పొడులు, టానిక్‌లు నొప్పికని ఇస్తే డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకండి, మీ ఇమ్యూనిటీ ఇప్పటికే మీ మీదకే వస్తోంది.

గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా, ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, కళ్ళు తిరిగి పడినా, పీరియడ్ లేటై నొప్పి ఒకవైపే ఉన్నా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళండి. స్టెరాయిడ్స్, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్ళకి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, కాబట్టి జ్వరం లేదు కదా అని ఆగకండి.