సూపు ఎక్కడ తేడా కొట్టింది? ఇంట్లో చేసే కూరగాయల సూపుకి సమస్య - పరిష్కారం

ముందు కొలత చూసుకోండి. నలుగురికి సన్నగా తరిగిన కూరముక్కలు 2 కప్పులు, నీళ్లు 4 కప్పులు, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, వెన్న గానీ నూనె గానీ 1 టేబుల్‌స్పూను, ఉప్పు టీస్పూనుకి కాస్త తక్కువ. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, సొరకాయ, మొక్కజొన్న గింజలు, ఫ్రిజ్‌లో మిగిలిపోయిన సగం క్యాప్సికం, ఏవున్నా సరిపోతాయి. బెండకాయ జిగురు, కాకరకాయ చేదు కాబట్టి ఆ రెండూ వద్దు. బీట్‌రూట్ చిన్న ముక్క పడినా గిన్నెంతా ఎరుపే. ఇవి కాక ఏ కూరగాయ వేసినా ఇబ్బంది లేదు గానీ, వేసే వరుస తప్పితే సూపు చెడుతుంది.

చప్పగా ఉంది

గిన్నెలో ఏదీ గుమ్మరించకండి. ఒక చెంచాలో సూపు తీసుకుని రెండు పలుకులు ఉప్పు కలిపి చూడండి. ఇంకో చెంచాలో రెండు చుక్కల నిమ్మరసం కలిపి చూడండి. ఏది నాలుకకి బాగుంటే లోటు అదే. నిమ్మరసమైతే పొయ్యి ఆపాకే పిండాలి. రెండింటితోనూ రుచి రాలేదంటే ఉల్లి, వెల్లుల్లి వేయించకుండా నేరుగా నీళ్లలో పడేశారన్నమాట. చిన్న మూకుడులో టీస్పూను వెన్న వేసి, సగం ఉల్లిపాయ సన్నగా తరిగి అంచులు గోధుమరంగు తిరిగేదాకా వేయించండి. అప్పుడు రెండు వెల్లుల్లి రెబ్బలు చిదిమి వేసి, అర నిమిషం ఆగి సూపులో కలపండి. ఐదు నిమిషాలు సిమ్‌లో మరగనివ్వండి. తాలింపు ఆఖర్న పెట్టడం మనకి కొత్తేం కాదుగా. సూపు క్యూబు వేస్తే ఉప్పు సగానికి తగ్గించాలి, దాన్నిండా ఉప్పే.

పలచగా ఉంది, లేదా ఉండలు కట్టింది

4 కప్పుల సూపుకి కార్న్‌ఫ్లోర్ 1 టేబుల్‌స్పూను, హోటల్లోలా చిక్కగా కావాలంటే 2. పావు కప్పు చల్లటి నీళ్లలో కలిపి, మరుగుతున్న సూపులో ఒక చేత్తో సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో తిప్పాలి. వేడినీళ్లలో కలిపినా, పొడిగా చల్లినా పిండి పైపొర ముందే ఉడికి లోపల పొడి ఉండిపోతుంది. ఉండ అంటే అదే. వాటిని గరిటెతో నలిపే బదులు సూపంతా జల్లెడలో వడకట్టి, ముక్కలు ఏరి మళ్లీ వేసుకోవడం సులువు.

చిక్కబడ్డ సూపు కాసేపటికి మళ్లీ నీళ్లయిందా? పిండి కలిపాక చాలాసేపు కుతకుతలాడించి ఉంటారు, లేదా నిమ్మరసం పోసి మరిగించి ఉంటారు. పులుపు, వేడి కలిస్తే పిండి పట్టు సడలుతుంది. పిండి పడ్డాక రెండు నిమిషాల మరుగు చాలు. కార్న్‌ఫ్లోర్ ఇష్టం లేనివాళ్లు మొదట్లోనే 2 టేబుల్‌స్పూన్ల పెసరపప్పు కూరలతో పాటు ఉడకనివ్వండి. చిక్కదనంతో పాటు రుచీ వస్తుంది, మా ఓటు దీనికే.

బంకలా సాగుతోంది

బంగాళాదుంపని మిక్సీలో తిప్పారు. బ్లేడు దెబ్బకి దుంపలోని పిండి బయటపడి జిగురవుతుంది. వేడినీళ్లు పోసి పలచన చేయడం తప్ప ఇప్పుడు దారి లేదు. ఈసారి దుంపని పప్పుగుత్తితో మెదపండి.

క్యారెట్ ఎంతకీ మెత్తబడట్లేదు

టమాటా ముందే పడింది. పులుపు తగిలితే క్యారెట్, దుంప ముక్కలు బిరుసెక్కి నెమ్మదిగా ఉడుకుతాయి. ఇప్పటికి కుక్కర్లో రెండు కూతలు రానివ్వండి. ఇకమీదట గట్టి ముక్కలు ముప్పాతిక ఉడికాకే టమాటా వేయండి, దాన్ని విడిగా పచ్చివాసన పోయేదాకా మగ్గించి మరీ.

బీన్స్, బఠాణీ రంగు మాసిపోయాయి

మూతపెట్టి ఎక్కువసేపు ఉడికించారు. ఆఖరి ఐదారు నిమిషాల్లో వేసి మూత తీసి ఉంచండి.

పాలు విరిగాయి

టమాటా పులుపు, పెద్ద మంట కలిసి చేసిన పని. పాలలో టీస్పూను కార్న్‌ఫ్లోర్ కలిపి కాచి, మంట తగ్గించాక కొంచెం కొంచెంగా పోస్తే విరగవు. ఇప్పటికే విరిగినదాన్ని చల్లార్చి మిక్సీలో తిప్పితే చూడ్డానికి చాలావరకు కలిసిపోతుంది.

చేదుగా ఉంది

మాడిన వెల్లుల్లి చేదైతే సర్దుకోవచ్చు. మాడిన ముక్కలు తీసేసి, రెండు చెంచాల పాలు పోయండి. సొరకాయ చేదైతే మాత్రం గిన్నె మొత్తం పారబోయండి. అందులోని కుకర్బిటాసిన్లు అనే చేదు విషపదార్థాలు ఉడికించినా పోవు, వాంతులు, కడుపునొప్పితో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. తరిగేటప్పుడే చిన్న ముక్క నాలుకకి తగిలించి, చేదైతే ఉమ్మేసి కాయ పారేయండి.

ఉప్పు ఎక్కువైంది

దుంప ముక్క వేస్తే ఉప్పు పీల్చేస్తుందంటారు గానీ, అది పీల్చేది ఉప్పునీళ్లని, మిగిలిన సూపు ఉప్పదనం తగ్గదు. ఉప్పు లేకుండా ఉడికించిన పెసరపప్పు అర కప్పు, ఒక కప్పు వేడినీళ్లు కలపండి.

మిక్సీ మూత ఎగిరింది

మరిగే సూపుని నిండా పోసి తిప్పితే ఆవిరి మూతని తన్నేస్తుంది, చేతులు కాల్తాయి. ముక్కలు వడకట్టి పది నిమిషాలు ఆరనిచ్చి, జారులో సగానికి మించకుండా కాసిని చల్లటి నీళ్లతో రుబ్బి, వడకట్టిన నీళ్లలో కలిపి మళ్లీ ఒక పొంగు రానివ్వండి.