అందమైన ఒడ్డు వేరు, దిగే రేవు వేరు

కార్తీక మాసం వస్తే ఒడిశాలోని జయపురం, కోరాపుట్, సునాబెడలోని తెలుగు కుటుంబాలకు వనభోజనాల హడావిడి మొదలవుతుంది. సంక్రాంతి దాకా కొలాబ్, జోలాపుట్, బలిమెల జలాశయాల ఒడ్డున ఆదివారాలు పొయ్యిలు వెలుగుతూనే ఉంటాయి. పులిహోర గిన్నె మూత తీయకముందే కుర్రాళ్లు నీళ్లలో ఉంటారు. వాళ్లను ఆపడం ఎలాగూ జరిగే పని కాదు కనుక, ఎక్కడ దిగనివ్వాలో పెద్దలు ముందే తేల్చుకోవాలి.

ఇవి మన ఊరి చెరువుల వంటివి కావు. కొండల మధ్య నదికి అడ్డంగా డ్యామ్ కట్టి నింపిన లోయలు. నీటి అడుగున ఉన్నది కొండవాలే. అందుకని ముందుగా నీటిని కాదు, ఒడ్డు పైనున్న నేలను చూడండి. అది ఎంత ఏటవాలుగా ఉంటే నీటి కిందా దాదాపు అంతే వాలు ఉంటుంది. కొండ నిటారుగా నీటిలోకి దిగే రాతి అంచు ఫొటోకు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అక్కడ రెండో అడుగుకే కాలికి నేల అందదు. బీడు పొలం మెల్లగా వాలుతూ నీటిలో కలిసిపోయే చోటు చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. దిగడానికి మాత్రం అదే నయం. అక్కడా మునిగిన మడిగట్లు, చెట్ల మొద్దులు ఉంటాయి కనుక పైనుంచి దూకడం వద్దు. కర్రతో తడుముతూ నడిచి వెళ్లాలి. నీరు తేటగా ఉంటే మరీ జాగ్రత్త. నాలుగడుగుల లోతు కంటికి మూడడుగులే అనిపిస్తుంది.

వేసవిలో చూసి వెళ్లిన రేవు కార్తీకంలో అదే చోట ఉండదు. వానాకాలం ముగిసేసరికి జలాశయాలు నిండుతాయి. మే నెలలో పిల్లలు క్రికెట్ ఆడిన ఇసుక మేట ఇప్పుడు నిలువెత్తు నీటి కింద ఉండవచ్చు. పాత జ్ఞాపకాన్ని నమ్మి గబగబా దిగేవారే ఎక్కువగా చిక్కుల్లో పడతారు. నీరు తగ్గుతున్న నెలల్లో ఇబ్బంది మరో రకంది. కొత్తగా బయటపడిన ఎర్రమట్టి పైకి ఎండినట్టు కనిపించి లోపల మెత్తగా ఉంటుంది. కాలు పిక్కల దాకా దిగబడితే పీక్కోవడం పెద్దలకే కష్టం.

ఊళ్లోవాళ్లను అడగండి. అడిగే తీరు కూడా ముఖ్యం. ‘ఇక్కడ దిగవచ్చా?’ అంటే అతిథిని కాదనలేక తల ఊపేస్తారు. ‘మీ పిల్లలు ఎక్కడ ఈత కొడతారు? గేదెలను ఎక్కడ దింపుతారు?’ అని అడిగితే నిజమైన రేవు దొరుకుతుంది. గేదెలు దిగే చోట సాధారణంగా వాలు తక్కువ, అడుగు గట్టి. వాటి పక్కనే మునగమని కాదు, కాస్త ఎడంగా, శుభ్రమైన చోటు చూసుకోండి. నీటిపై ప్లాస్టిక్ సీసాలు వరుసగా తేలుతుంటే అవి చేపల వలల గుర్తులు. కాలికి వల చుట్టుకుంటే గజ ఈతగాడైనా మునుగుతాడు.

మాచ్‌ఖండ్ నది సంగతి విడిగా చెప్పాలి. జోలాపుట్ డ్యామ్ నుంచి వదిలిన నీరు కిందికి పారి, డుడుమ దగ్గర మళ్లింపు ఆనకట్ట ద్వారా విద్యుత్ కేంద్రానికి వెళుతుంది. 1955 నుంచి కరెంటు ఇస్తున్న ఈ కేంద్రం అవసరాన్ని బట్టే నీటి విడుదల ఉంటుంది. అంటే డ్యామ్ కింద నది పాయలుగా, బండల మధ్య ముచ్చటగా కనిపించినా అది ఈతకు తగిన చోటు కాదు. ఆకాశంలో మబ్బు లేకపోయినా నీరు పెరగవచ్చు. డుడుమ జలపాతానికి పైనున్న మడుగుల జోలికి అసలు పోవద్దు. డ్యామ్ గోడ, గేట్లు, కాలువ తూముల దరిదాపుల్లోనూ అంతే, పైకి నిశ్చలంగా ఉన్న నీరు అడుగున లాగుతుంటుంది.

మల్కన్‌గిరి వైపు వెళ్లేవారికి మరో లెక్క ఉంది. సతిగుడ జలాశయంలో మొసళ్లున్నాయి. అక్కడ ఒడ్డున భోజనం చేసి, నీటిని చూసి, తిరిగి రండి.

డిసెంబరు, జనవరిలో కోరాపుట్ కొండల మీద చలి గట్టిది. చన్నీళ్లలో ఒక్కసారి దూకితే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే నీరే లోపలికి పోతుంది. కాళ్లు, చేతులు, ముఖం తడుపుకుంటూ మెల్లగా దిగి, ఒకటి రెండు నిమిషాలు నిలబడ్డాకే ఈత. మందు తాగినవారు దిగకూడదని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే ప్రతి బృందంలోనూ ‘నాకేం కాదు’ అనే బావగారు ఒకరుంటారు. పిల్లల మీద కన్ను వేయడానికి ఒక మనిషిని పేరు పెట్టి నియమించండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదన్నమాట. మునిగే పిల్లవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. నోరు నీటి అంచున, తల వెనక్కి వాలి, చప్పుడు లేకుండా ఉంటాడు.

ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా దగ్గర పెట్టుకుంటే అవే పనికొస్తాయి. ఏమీ లేకపోతే చీర విసరండి. ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం వద్దు, సమయం పోతుంది. పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు. ఈలోగా మరొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయాలి. చాలా ఒడ్డుల్లో సిగ్నల్ ఉండదు కనుక అది ఎక్కడ దొరుకుతుందో వచ్చేటప్పుడే చూసుకోండి. నీళ్లు మింగి తేరుకున్నవాడు లేచి కూర్చుని ‘బాగానే ఉంది’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.