ఆటలో చోటు దొరకని పిల్లలకి ఎలా సాయం చేయాలి

ఇంటర్వెల్ బెల్ కొట్టాక ఓ పది నిమిషాలు ఏ పనీ పెట్టుకోకుండా గ్రౌండ్ పక్కన నిలబడి చూడండి. ఎవరు ఎవరితో ఆడుతున్నారో, ఎవరు టీచర్ వెనకాలే తిరుగుతున్నారో అక్కడ తెలిసినంతగా ప్రోగ్రెస్ కార్డులో తెలియదు. ఒక్కరోజు చూస్తే చాలదు, వారమంతా చూడాలి. ఒంటరిగా కూర్చున్న ప్రతి పిల్లాడూ బాధపడుతున్నట్టు కాదు, కొందరికి చీమల్ని చూస్తూ కూర్చోవడమే హాయి. కానీ రోజూ ఓ పక్కన నిలబడి ఆడేవాళ్ళ వైపే చూస్తున్నాడంటే వాడికి మన సాయం కావాలి.

సాయం అంటే "వీణ్ణి కూడా ఆడించుకోండ్రా" అని అరవడం కాదు. నేనూ అలా అరిచినవాణ్ణే. మనం చూస్తున్నంతసేపు ఆడించుకుని, అటు తిరగగానే వదిలేస్తారు.

పుటల్లాజ్, గాట్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో ఇదే విషయం మీద ఒక పరిశోధన ప్రచురించారు. తోటివాళ్ళు అంతగా ఇష్టపడని పిల్లలు ఆటలోకి వస్తూనే తమ గురించి చెప్పుకోవడం, ప్రశ్నలు వేయడం, కాదని వాదించడం ఎక్కువగా చేస్తున్నారట, దాంతో మిగతావాళ్ళు పట్టించుకోవడం లేదట. కాబట్టి నేర్పాల్సింది ఇది: ముందు కాసేపు చూడు, ఏం ఆట ఆడుతున్నారో అర్థం చేసుకో, తర్వాత ఆ ఆటకి పనికొచ్చేది ఏదో ఒకటి చెయ్యి. బంతి దూరంగా పోతే తెచ్చివ్వు, ఇసుకతో కోట కడుతుంటే నీళ్ళు అందించు. రూల్స్ మార్చమని మొదటిరోజే అడగకు. ఇది చెబితే రాదు, ఇంట్లో ఇద్దరు ఆడుతుంటే వాణ్ణి మూడోవాడిగా వచ్చి చేరమని నాలుగైదుసార్లు ఆడించి చూడండి, భలే సరదాగా కూడా ఉంటుంది.

బోలెడంతమంది ఫ్రెండ్స్ ఉండక్కర్లేదు, ఒక్క మంచి నేస్తం దొరికితే సగం టెన్షన్ పోతుంది. సెలవురోజు ఒక్కరినే ఇంటికి పిలవండి, ఇద్దర్ని పిలిస్తే ఆ ఇద్దరూ ఒకటైపోయే ప్రమాదం ఉంది. గంటన్నర చాలు, ఇంకాసేపు ఆడాలని ఉండగానే పంపేస్తే మళ్ళీ వస్తారు.

క్లాసులో అయితే 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి వాడి చూడండి. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు, ఎవరి ముక్క వాళ్ళు చదివి మిగతావాళ్ళకి చెప్పాలి. ఎవరూ పట్టించుకోని పిల్ల దగ్గరే ఒక ముక్క ఉంటే ఆ పిల్ల చెప్పేది వినక తప్పదు కదా.

టీచర్లకి ఇంకో మాట. హోంవర్క్ చేయలేదని ఇంటర్వెల్ కట్ చేయకండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2013లో ఇదే చెప్పింది, ఆ సమయాన్ని శిక్షగా లాగేసుకోవద్దని. పైగా అలా లోపల కూర్చోబెట్టేది తరచూ తోటివాళ్ళతో కలవడం నేర్చుకోవాల్సిన పిల్లల్నే.

నిద్ర సంగతి మామూలే, ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు కావాలి. నిద్ర చాలని పిల్లాడు చిన్నమాటకే చిరాకుపడి ఉన్న ఫ్రెండ్‌తోనూ గొడవ పెట్టుకుంటాడు.

ఇంటికొచ్చాక "ఎవరితో ఆడావు?" అని రోజూ ఆరా తీయకండి, "ఇవాళ ఏం ఆట ఆడారు?" అంటే వాళ్ళే చెప్తారు. ఇంత చేసినా నెల దాటి కూడా పొద్దున్నే కడుపునొప్పి, బడికి వెళ్ళనని ఏడుపు ఆగకపోతే ముందు డాక్టర్‌కి చూపించండి, ఆ వెంటనే టీచర్‌తో కూర్చుని ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి.