చుట్టిళ్ళ ఊరికి చుట్టంలా వెళ్ళడం ఎలా: ఫ్లోరెస్ కొండల్లో వాయె రెబో

ఇండోనేషియా అనగానే బాలి, మహా అయితే కొమోడో బల్లులు, అక్కడితో మనవాళ్ళ లిస్టు ఆగిపోతుంది. కానీ ఆ కొమోడోకి పడవెక్కే ఊరు, ఫ్లోరెస్ దీవిలోని లాబువన్ బాజో ఉంది కదా, అక్కణ్ణుంచి ఒక పూట కారులో, ఇంకో రెండు మూడు గంటలు కాలినడకన లోపలికి పోతే కొండల మధ్య గిన్నెలా ఉన్న చోట వాయె రెబో అని ఒక ఊరొస్తుంది. ఊరంటే మొత్తం ఏడు ఇళ్ళు, అన్నీ గుండ్రంగా, కొప్పు నెత్తి నుంచి దాదాపు నేల దాకా గడ్డి కప్పుకుని కోసు టోపీల్లా నిలబడి ఉంటాయి. మన కోస్తాలో చుట్టిల్లు చూసినవాళ్ళకి టక్కున అదే గుర్తొస్తుంది, కాకపోతే దాన్ని ఐదంతస్తులు సాగదీసినట్టు ఊహించుకోండి.

ముందు ప్లాన్ సంగతి. ప్లాన్ కొండ మీంచి కిందకి వేసుకోవాలి, అంటే ఏ రాత్రి పైన పడుకోవాలో ముందు ఫిక్స్ అవ్వండి, దాని ముందు రాత్రి కింద దెంగె అనే ఊళ్ళో గానీ ఇంకాస్త సముద్రం వైపు దింతోర్‌లో గానీ హోంస్టే పెట్టుకోండి. లాబువన్ బాజో నుంచి పొద్దున్నే బయల్దేరి అదే రోజు కొండెక్కేద్దాం అని చాలామంది ప్రయత్నిస్తారు, నేనూ చేశా. రోడ్డు మెలికలకి కడుపులో తిప్పేసి దెంగె చేరేసరికి మధ్యాహ్నం మూడైంది, అడవిలో ఆఖరి అరగంట ఫోన్ లైటుతో నడిచా. వద్దు. రుతెంగ్ మీదుగా వెళ్తే అది కాస్త పెద్ద టౌను, చల్లగా ఉంటుంది, ఒక రాత్రి అక్కడ ఆగినా బాగుంటుంది. అక్కణ్ణుంచి దెంగె వైపు లారీకి చెక్క బల్లలు బిగించిన ఓతో కోల్ అనే బండ్లు పోతాయి, మనుషులు, బియ్యం బస్తాలు, కోళ్ళు, సిమెంటు అన్నీ అందులోనే. టైముకి వస్తుందని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు, నలుగురుంటే కారు మాట్లాడుకోవడం నయం.

డబ్బులు రుతెంగ్‌లోనో లాబువన్ బాజోలోనో ఏటీఎంలో తీసి పెట్టుకోండి. పైన ఒక రాత్రి ఉండి తినడానికి మనిషికి 3 లక్షల ఇండోనేషియా రుపియాల పైనే అవుతుంది, గైడుకి వేరే, బైకు వాళ్ళకి వేరే, కార్డు గీకే మిషన్ ఎక్కడా ఉండదు. చిల్లర నోట్లు విడిగా ఉంచుకోండి, ఎందుకో కింద చెప్తా.

వెళ్ళే నెలలు ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య చూసుకోండి. నవంబర్ నుంచి మార్చి దాకా వానలు, దారి జారుడుబండ అయిపోతుంది, పైగా జలగలు. అయితే నవంబర్‌లోనే పెంతి అని వాళ్ళ కొత్త సంవత్సరం పండగ, పంటకి పూర్వీకులకి దండం పెట్టుకునేది, దానికోసం తడిసినా పర్లేదనుకుంటే అది మీ ఇష్టం.

నడక విషయానికొస్తే, దెంగె నుంచి వాయె లొంబా అనే వాగు దాకా బైకు మీద దింపుతారు, అక్కడ మొదలవుతుంది అసలు ఎక్కుడు. మొదటి గంట ఒకటే నిటారు, తర్వాత కొండ పక్కవాటుగా అడవిలో సాగుతుంది, ఒక చోట చెట్ల సందులోంచి సముద్రం కూడా కనిపిస్తుంది. ఊరు 1,100 మీటర్ల పైన ఉంది కాబట్టి కింద చెమటలు పట్టినా పైన రాత్రికి వణుకుతారు, స్వెటర్ కావాలి. మనం వాటర్ బాటిల్ మోయలేక ఆయాసపడుతుంటే ఆ ఊరివాళ్ళు కాఫీ గింజల మూట నెత్తిన పెట్టుకుని చెప్పులతో దిగుతూ ఎదురొస్తారు, పక్కకి జరిగి దారివ్వండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. ఊరు కనిపించే మలుపులో ఒక చిన్న పాక ఉంటుంది, అందులో వెదురు గంట వేలాడుతుంది, గైడు దాన్ని కొట్టి చుట్టాలొస్తున్నారని కింద ఊరికి చెప్తాడు. అప్పటిదాకా జేబులో ఉన్న ఫోను అక్కడ బయటికి లాగాలనిపిస్తుంది, లాగొద్దు. నేరుగా నియాంగ్ గెందాంగ్ అనే పెద్దింట్లోకి వెళ్ళాలి, ఊరి డోలు ఉండేది అక్కడే. ఒంగి లోపలికెళ్ళి చాప మీద కూర్చుంటే ఒక పెద్దాయన వాళ్ళ మంగరాయ్ భాషలో, గొంతు పెంచకుండా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కొన్ని మాటలు చెప్తాడు. ఆ ఎవరో వాళ్ళ పూర్వీకులు. ఫలానావాళ్ళు వచ్చారు, ఇంటికి క్షేమంగా చేరేదాకా చూసుకోండి అని అప్పజెప్పడం అన్నమాట, దీన్ని వాయెలుఊ అంటారు. కానుకగా కొంత డబ్బు పెట్టాలి, చిల్లర అన్నది ఇందుకే. ఇది అయ్యేదాకా ఫోటోలు లేవు, ఊళ్ళో తిరగడం లేదు. అయ్యాక ఎంతసేపైనా తిరగండి, మీరిప్పుడు చుట్టాలు. అక్కడ ఎక్కువమంది క్యాథలిక్కులే, అయినా పూర్వీకులతో ఈ మాట్లాడుకోవడం ఆగలేదు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఊరి మధ్యలో చొంపాంగ్ అని గుండ్రటి రాతి దిబ్బ ఉంటుంది, దాని మీదకి ఎక్కి సెల్ఫీ దిగేవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇంటిని కొంచెం తీరిగ్గా చూడండి. వాళ్ళ మాటలో మ్‌బారు నియాంగ్. కింది అంతస్తులో కాపురం, దాని పైన లోబో అనే అటక మీద తిండి, సామాన్లు, ఆ పైన విత్తనాలు, ఆ పైన కరువుకి దాచిన తిండి, అన్నిటికన్నా పైన పూర్వీకులకి పెట్టేవి. పొయ్యి ఇంటి మధ్యలోనే, పొగ గొట్టం లేదు, పొగంతా పైకి పాకి కప్పు లోపలి వైపు వాసాలన్నీ నల్లగా మెరుస్తుంటాయి. ముందు ఇదేంటి కళ్ళు మండుతున్నాయి అనుకున్నా, తర్వాత తెలిసింది ఆ పొగే పురుగు పట్టకుండా గడ్డినీ కర్రనీ కాపాడుతుందని. 2008 ప్రాంతంలో ఇవి నాలుగే మిగిలాయి, ఆర్కిటెక్ట్ యోరి అంతార్, ఆయన మనుషులు ఊరివాళ్ళతో కలిసి మళ్ళీ ఏడు నిలబెట్టారు, పాత పద్ధతిలోనే, ఊరివాళ్ళ చేతులతోనే. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో పెద్దది దీనికే వచ్చింది.

రాత్రి పడక అందరికీ ఒకే చుట్టింట్లో, గోడ వెంబడి చాపలూ పరుపులూ, కాళ్ళు మధ్యకి పెట్టుకుని చక్రం ఆకుల్లా పడుకోవడమే. గురక పెట్టేవాళ్ళు కచ్చితంగా ఒకరుంటారు, ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకోండి. అన్నం, కూర, గుడ్డో కోడో, ఒక మిరపకాయ పచ్చడి, మనకి బానే దిగుతుంది. శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ వదిలేసి పవర్ బ్యాంక్ పెట్టుకోండి.

పొద్దున్న ఐదున్నరకే లేవండి, మంచు పొర ఇళ్ళ మొలల దాకా ఉండి కొప్పులు మాత్రమే తేలుతుంటాయి. ఇళ్ళ ముందు కాఫీ గింజలు ఆరబోసి ఉంటాయి, వాటిని తొక్కకండి. కొనాలనుకుంటే ఆ కాఫీ పొడి, సొంగ్కె అనే నేత గుడ్డ అక్కడే కొనండి, మరీ గీచి గీచి బేరమాడకండి. పిల్లలకి చాక్లెట్లు పంచడం కూడా వద్దు, తర్వాత వచ్చే ప్రతివాడి వెంటా చెయ్యి చాపి పడటం వాళ్ళకి అలవాటైపోతుంది.

తిరుగు దారిలో టైముంటే రుతెంగ్‌కి ముందు చంచార్ దగ్గర ఆగి గుట్ట ఎక్కండి, కింద పొలాలు సాలెగూడులా కనిపిస్తాయి. నడుమ ఒక చుక్క పెట్టి అక్కణ్ణుంచి కేకు ముక్కల్లా కోసి కుటుంబాలకి పంచారు, ఎవరికెంత అన్నది చేతి వేళ్ళతో కొలిచి. వరి ఆకుపచ్చగా ఉన్నప్పుడు గీతలు బాగా తెలుస్తాయి, కోతలయ్యాక వెళ్తే అంత ఉండదు. గుట్ట ఎక్కడానికి పది నిమిషాలే, కాకపోతే ముందు రోజు కొండ దిగిన మోకాళ్ళతో ఆ పది నిమిషాలు ఇరవై అవుతాయి.