సీమపనసతో ఆయిల్ డౌన్: కొబ్బరిపాలు నూనె తేలేదాకా

గ్రెనడా కరీబియన్ సముద్రంలో చిన్న ద్వీపదేశం. అక్కడి జాతీయ వంటకం పేరు ఆయిల్ డౌన్. సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్), చామాకు, పచ్చి అరటికాయ, గోధుమపిండి ఉండలు ఒకే గంజులో వరుసలుగా పేర్చి, పసుపు కలిపిన కొబ్బరిపాలు పోసి, ఆ పాలన్నీ ముక్కల్లోకి ఇంకి అడుగున నూనె మాత్రమే మిగిలేదాకా ఉడికిస్తారు. పేరు వచ్చింది ఆ నూనె వల్లే. మన చేతికి అలవాటైన రెండు పనులు దీన్ని చెడగొడతాయి: మధ్యమధ్యలో గంటె పెట్టి కలపడం, పాలు విరుగుతాయేమోనని ముందే దించేయడం.

అక్కడ ఇందులో ఉప్పుపట్టించిన మాంసమో చేపో వేస్తారు. మనం శాకాహారంగా వండుతూ అది తీసేస్తే పోయేది ముఖ్యంగా ఉప్పు, కమ్మదనం. ఉప్పును మనం వేరే వేయాలి, కమ్మదనానికి పచ్చి కందిగింజలు వేయాలి. కంది కరీబియన్‌కు కొత్తేమీ కాదు, జమైకాలో గుంగో పీస్ అని వండుకునేది మన కందినే.

కాయ సంగతి

సీమపనస తేమ నేలల చెట్టు. వరంగల్ ఎండలకు అది తట్టుకోదు కాబట్టి కాయ కేరళ నుంచో కోస్తా నుంచో రావాలి. కేరళ సరుకులు అమ్మే దుకాణంలో ‘కడచక్క’ అని అడిగితే వాళ్లకు అర్థమవుతుంది. పనసకు దగ్గరి చుట్టమే గానీ ఇందులో తొనలూ పీచూ ఉండవు. ఉడికితే ఆలుగడ్డకూ బ్రెడ్డుకూ మధ్యరకంగా ఉంటుంది.

ముదిరి, ఇంకా పండని కాయ కావాలి. తొక్క ముదురాకుపచ్చ నుంచి లేత పసుపుకు తిరుగుతూ ఉండాలి, మీద గుళ్లు అణగి నున్నగా ఉండాలి, అక్కడక్కడ పాలు కారి ఎండిన గోధుమరంగు మచ్చలు కనిపించాలి. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. కరుకు గుళ్లతో పచ్చిగా మెరిసే లేతకాయ ఉడికినా రబ్బరులా సాగుతుంది, పాలు పీల్చదు. మెత్తబడిన కాయ తియ్యగా మారి గంజిలా కరిగిపోతుంది. దాన్ని ఈ వంటకు వాడకుండా పిండి కలిపి బజ్జీలు వేసుకోవడం నయం. తెచ్చిన కాయ ఒకటి రెండు రోజుల్లోనే పండిపోతుంది. వెంటనే వండలేకపోతే కరీబియన్ వాళ్లు చేసినట్టు బకెట్ నీళ్లలో ముంచి ఉంచండి, పండడం నెమ్మదిస్తుంది.

అసలు దొరక్కపోతే ముప్పావు కిలో ఆలుగడ్డ, పావుకిలో లేత పనసకాయ ముక్కలు కలిపి వాడండి. రుచి దగ్గరగా వస్తుంది కానీ ఆలుగడ్డ అంతగా పాలు పీల్చదు, కాబట్టి పాలు 200 మి.లీ. తగ్గించాలి.

కావలసినవి, ఐదుగురికి

సుమారు కిలోంబావు సీమపనస ఒకటి (తొక్క, లోపలి దూది తీస్తే 900 గ్రాములు మిగులుతుంది). పెద్ద పచ్చి కొబ్బరికాయలు 2. పచ్చి అరటికాయలు 2, క్యారెట్లు 2, పచ్చి కందిగింజలు ఒక కప్పు, చామాకులు 10 నుంచి 12. ఉల్లిగడ్డ ఒకటి, ఎల్లిపాయలు 6 రెబ్బలు, అంగుళం అల్లం, ఉల్లికాడలు 4. పసుపు ఒకటిన్నర చెంచా, ఉప్పు 2 చెంచాలు, మిరియాల పొడి అర చెంచా, తినే కొబ్బరినూనె 2 చెంచాలు. పిండి ఉండలకు గోధుమపిండి 150 గ్రాములు.

పసుపును గ్రెనడాలో ‘శాఫ్రాన్’ అంటారు. వాళ్ల వంటల పుస్తకంలో ఆ మాట చూసి కుంకుమపువ్వు కొనకండి, నిజామాబాద్ పసుపు చాలు.

అక్కడ వేసే థైమ్ అనే వాసన ఆకుకు బదులు మన బాల్కనీ కుండీల్లో ఉండే వాము ఆకు 5 వేయండి. ఇది సర్దుబాటు అనుకోవద్దు, ఈ మందపాటి ఆకునే కరీబియన్ పెరళ్లలోనూ పెంచి పెద్దాకు థైమ్‌గా వాడతారు. మిరపకాయ విషయంలో మాత్రం రెండు రకాలు కలపాలి. అక్కడి స్కాచ్ బానెట్‌లో ఘాటు, వాసన రెండూ ఉంటాయి. మన వరంగల్ చపాట మిర్చికి (2025లో జీఐ గుర్తింపు పొందినదే) ఎర్రటి రంగు, కండ ఉన్నాయి, కారం తక్కువ. అందుకే రెండు పండు చపాటలు చీల్చి గింజలు తీసి ముక్కలుగా, ఘాటైన పచ్చిమిరపకాయలు రెండు తొడిమతో సహా చీల్చకుండా వేయాలి. ఇవి చిట్లితే గంజంతా మండుతుంది.

కొబ్బరిపాలు

ఇంట్లో కుడుకలు ఉన్నాయని వాటితో పాలు తీయబోకండి. ఎండుకొబ్బరిలో నూనె ఉన్నా పాలు చిక్కగా రావు, కమురు వాసన కూడా ఉండొచ్చు. పచ్చికొబ్బరి తురిమి, చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లు 400 మి.లీ. పోసి మిక్సీలో నిమిషం తిప్పి గుడ్డలో పిండండి. ఆ పిప్పికే మరో 500 మి.లీ. పోసి రెండోసారి పిండండి. మన కుర్మాల్లో చిక్కటి పాలు చివర పోస్తాం, విరగకూడదని. ఇక్కడ రెండూ కలిపి మొదట్లోనే పోయాలి, విరగడమే కావాలి. చాలాసేపు మరిగినప్పుడు పాలలో నూనెను పట్టి ఉంచే మాంసకృత్తులు వదిలేస్తాయి, నూనె విడిపోతుంది. డబ్బా పాలల్లో చిక్కదనం నిలవడానికి జిగురు పదార్థాలు కలుపుతారు కాబట్టి నూనె ఆలస్యంగా తేలుతుంది. డబ్బావైతే 400 మి.లీ.వి రెండు, మరో చెంచా కొబ్బరినూనె.

కోయడం, పేర్చడం

చేతులకు, కత్తికి నూనె రాసుకోండి. కాయ పాలు జిగురులా అంటుకుంటాయి, సబ్బుతో ఒక పట్టాన పోవు. కాయను నిలువుగా ఎనిమిది చెక్కలు చేసి, మధ్య దూదిని, తొక్కను మందంగానే తీసేసి, ఒక్కో చెక్కను రెండు చేయండి. ముక్క 3 సెం.మీ. కంటే పలచగా ఉంటే చితికిపోతుంది. ఉప్పునీళ్లలో వేస్తే నల్లబడవు. అరటికాయ కూడా అలాగే.

చామాకు దగ్గర తొందర పనికిరాదు. దానిలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలే గొంతు దురదకు కారణం. తినడానికి అమ్మే ఆకే కొనండి, కాలువగట్టు మీద కనిపించింది కోయొద్దు. కాడ, మందపు ఈనె తీసి చుట్టి కోయండి. కనీసం 40 నిమిషాలు ఉడకాలి. భయమనిపిస్తే తోటకూర వేసుకోండి, జమైకాలో కలలూ అనేది తోటకూరనే. అదైతే చివరి 10 నిమిషాల్లో చాలు.

పిండిలో చిటికెడు ఉప్పు, సుమారు 75 మి.లీ. నీళ్లతో చపాతీ పిండికన్నా గట్టిగా కలిపి, వేలెడు పొడవు కడ్డీలుగా రుద్దండి. మెత్తగా కలిపితే పాలలో కరిగి అడుగంటుతుంది. కందిగింజలు విడిగా 10 నిమిషాలు ఉడికించి పెట్టుకోండి.

మందపు అడుగున్న గంజులో నూనె వేసి ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, అల్లం రెండు నిమిషాలు మగ్గనిచ్చి మంట ఆపండి. దాని మీద సీమపనస, తర్వాత అరటికాయ, క్యారెట్, కందిగింజలు, చపాట ముక్కలు, ఉల్లికాడలు, వాము ఆకు. పాలలో పసుపు, ఉప్పు, మిరియాల పొడి కలిపి పక్క నుంచి పోయండి. పై ముక్కలు కాస్త తేలి కనిపించాలి, మునిగితే పులుసవుతుంది. ఆ పైన పిండి కడ్డీలు, పచ్చిమిరపకాయలు, చివరగా మూతలా చామాకు.

ఉడికించడం

పెద్ద మంట మీద మరగనిచ్చి, మూతపెట్టి, చిన్న బర్నర్ మీదకు మార్చండి. కింద ఇనుప పెనం పెడితే అడుగంటదు. 40 నిమిషాలు మూత తీయకండి, గంటె అసలు పెట్టకండి. కలిపితే కాయ చితికి పాలు ముద్దవుతాయి, ఇక నూనె విడదు. ప్రెషర్ కుక్కర్‌లోనూ ఇదే గతి: కాయ ఉడుకుతుంది, పాలు ఇంకవు.

తర్వాత శబ్దం వినండి. గుబగుబ కాస్తా సన్నటి చుయ్‌మన్న చప్పుడుగా మారిందంటే నీరు అయిపోయింది, నూనె వేగుతోంది. మూత తీసి 8 నుంచి 10 నిమిషాలు అలాగే వదిలి, అంచుల్లో పసుపు నూనె తేలగానే దించండి. చప్పుడు మారేసరికి కాయలో ఇంకా పలుకు ఉంటే 100 మి.లీ. వేడినీళ్లు పక్క నుంచి పోయండి. మాడు వాసన వస్తే అడుగు గీకకుండా పై భాగాన్ని మరో గిన్నెలోకి తీసేయండి.

పది నిమిషాలు ఆగి వడ్డించండి. అన్నం వద్దు, గంజులోనే మూడు రకాల పిండి పదార్థాలున్నాయి. చింతపండు పులుపు కావాలనిపిస్తే పళ్లెంలో నిమ్మకాయ పిండుకోండి. మిగిలింది ఎండాకాలంలో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి, కొబ్బరి త్వరగా పులుస్తుంది. మర్నాడు సీమపనస ముక్కలను పెనం మీద నూనె వేయకుండానే రెండు వైపులా కాల్చండి, లోపల ఉన్న నూనె చాలు.